కాలేయంలో కొలెస్ట్రాల్: తయారీని ఆపాలా, నిల్వనా, ఖర్చు పెంచాలా?

హనుమకొండలో లిపిడ్ పరీక్ష చేయించుకొని ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎక్కువుందని తెలిస్తే, మనవాళ్లు ముందుగా మటన్ మానేస్తారు. మానడం మంచిదే. కానీ ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒళ్లు తయారు చేసుకున్నదే, అందులో కాలేయం వాటా పెద్దది. అక్కడ తయారీకి హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్, నిల్వకు ఏక్యాట్-2, కొవ్వును అరిగించే పైత్య ఆమ్లాలుగా మార్చి ఖర్చు చేయడానికి సీవైపీ7ఏ1 అనే ఎంజైములున్నాయి. మందు దేని మీద పనిచేస్తే మేలు?

పైకి చూస్తే నిల్వను ఆపడమే సబబనిపిస్తుంది. పాక్టిమైబ్ అనే మందుతో అదే చేసి చూశారు. ధమనుల్లో పూడిక తగ్గలేదని 2006లో తేలింది. ఎందుకంటే ఏక్యాట్ ఎంజైములు కొలెస్ట్రాల్‌కు కొవ్వు ఆమ్లాన్ని అతికించి, కణానికి హాని లేని రూపంలో దాస్తాయి. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వస్తూనే ఉండగా కోల్డ్ స్టోరేజీలకు తాళం వేస్తే సరుకు బయటే కుప్ప పడుతుంది కదా! కణంలో అలా కుప్పపడిన విడి కొలెస్ట్రాల్ విషంతో సమానం. పైగా ఆ మందు ధమని గోడల్లోని కణాలకు అవసరమైన ఏక్యాట్-1నూ అడ్డుకుంది. ఏక్యాట్-2 ఒక్కటే లేని ఎలుకలకు మాత్రం పూడిక తగ్గింది, కాబట్టి ఆ దారి పూర్తిగా మూసుకుపోలేదనే నా నమ్మకం.

ఈ రోజుకు నా ఓటు హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్‌ను అడ్డుకొని తయారీని తగ్గించే స్టాటిన్ మందులకే. 1973లో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో బూజు నుంచి మొదటి స్టాటిన్‌ను వెలికితీశారు. తయారీ తగ్గి కాలేయానికి కొరత పడగానే, అది ఎల్‌డీఎల్‌ను పట్టుకునే గ్రాహకాలను (రిసెప్టర్లను) పెంచుకొని రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లోపలికి లాగేస్తుంది. అసలు మేలు అక్కడే ఉంది. ఈ గ్రాహకాలను కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఎల్‌డీఎల్ డెసీలీటరుకు సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పు ఐదో వంతు దాకా తగ్గుతుంది. అయితే డోసు రెట్టింపు చేసినా ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది 6 శాతమే. రిపోర్టు నార్మల్ వచ్చిందని గోలీ ఆపేస్తే మాత్రం ఆ ఎంజైము మళ్లీ తయారీ మొదలుపెడుతుంది. కండరాల నొప్పులుంటే డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోవాలి గానీ సొంతంగా మానొద్దు.

ఇక ఖర్చు పెంచే దారి. కొలెస్టిరమైన్ పొడి పేగుల్లో పైత్య ఆమ్లాలను పట్టేసుకుంటే, సీవైపీ7ఏ1 కొత్తవి తయారు చేయడానికి కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. 1984 నాటి పెద్ద అధ్యయనంలో గుండెపోట్లు, గుండెజబ్బు మరణాలు కలిపి 19 శాతం తగ్గాయి. కానీ కాలేయం తయారీ పెంచి ఆ లోటు కొంత పూడ్చుకుంటుంది. రోజూ గ్రాముల కొద్దీ తాగాలి, మలబద్ధకం, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) పెరగడం వేరే. షుగర్‌తో పాటు ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లకు ఇది పనికిరాదు. రక్తంలోకి ఎక్కదు కాబట్టి, స్టాటిన్ ఆపాల్సిన గర్భిణులకు మందు తప్పనిసరైతే డాక్టర్లు దీనివైపే చూస్తారు.