ఫార్చ్యూనర్‌కు కొత్త షాక్ అబ్జార్బర్లు: కంపెనీవి, బిల్‌స్టైన్ బీ6, ఓల్డ్ మ్యాన్ ఈము

రెండో తరం టొయోటా ఫార్చ్యూనర్ మన దేశంలో 2016 నవంబరులో విడుదలైంది. ఆ తొలి బళ్లలో చాలావరకు ఇప్పుడు లక్ష కిలోమీటర్లు దాటి, షాక్ అబ్జార్బర్లు మార్చుకోవలసిన దశకు చేరుకున్నాయి. మా ఇంట్లో ఉన్నది 2017 నాటి ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ బండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన షాకులతో అది చాలా దూరం తిరిగింది, ఆ తరువాత బిల్‌స్టైన్ బీ6 షాకులు వేయించాము. మా బావగారి ఫార్చ్యూనర్‌కు ఆస్ట్రేలియాకు చెందిన ఓల్డ్ మ్యాన్ ఈము నైట్రోచార్జర్ రకం షాకులు, వాటికి సరిపడే స్ప్రింగులు ఉన్నాయి. ఆ బండిని కూడా ఘాట్ రోడ్ల మీద, హైదరాబాదు-విజయవాడ రహదారి మీద నడిపాను కనుక ఈ మూడింటి మధ్య తేడా చెప్పగలను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. బండి బరువును మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు అణిగి లేచినప్పుడు పుట్టే ఊపును అదుపు చేసేది షాకు. మూడో వరుసలో మనుషులు, వారి వెనుక సామాను చేరగానే బండి వెనుక భాగం కిందికి కూర్చుంటోందంటే ఎంత ఖరీదైన షాకు వేసినా ఆ లోపం తీరదు, అక్కడ మార్చవలసింది స్ప్రింగు. గతుకు దాటిన తరువాత కూడా బండి రెండు మూడు సార్లు పైకీ కిందికీ ఊగుతోందంటే అప్పుడు షాకును అనుమానించాలి. గ్యాస్ షాకులు బండిని లేపుతాయన్న మాట దుకాణాల్లో తరచు వినిపిస్తుంది. లోపలి గ్యాస్ ఒత్తిడి షాకు రాడ్డును కొద్దిగా బయటికి తోస్తుంది, నిజమే కానీ, రెండు టన్నులు దాటిన బండి విషయంలో ఆ తోపు లెక్కలోకి వచ్చేది కాదు.

అరిగిన షాకును గుర్తించడానికి బానెట్ మూలను చేత్తో అదిమి వదిలి చూసే పద్ధతిని నేను నమ్మను. ఇంత బరువైన బండిని చేత్తో అదిమినంత మాత్రాన షాకు లోపలి పిస్టన్ దాదాపు కదలదు. షాకు పైభాగాన సన్నని నూనె తడి, దాని మీద దుమ్ము పేరుకోవడం మామూలే. నూనె కిందికి కారి చారలు కట్టిందంటే మాత్రం సీలు పోయినట్టే. టైరు చుట్టూ అక్కడక్కడ గుంటలు పడినట్టు అరగడం, బ్రేకు వేసినప్పుడు ముక్కు మునుపటికన్నా ఎక్కువగా వంగడం కూడా నమ్మదగిన గుర్తులే.

ఈ బండికి ముందు వైపు డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి రెండు ఆర్ములు పట్టి ఉంచే అమరిక) ఉంటుంది, షాకు స్ప్రింగు మధ్యలోనే నిలబడి ఉంటుంది. వెనుక నాలుగు లింకుల సాయంతో నిలిచే గట్టి యాక్సిల్ (రెండు చక్రాలను కలిపే ఇరుసు), దాని మీద స్ప్రింగు వేరుగా, షాకు వేరుగా ఉంటాయి. అందువల్ల వెనుక షాకులు మార్చడం తేలిక, ముందువి మార్చాలంటే స్ప్రింగును కంప్రెసర్‌తో బిగించి పట్టుకొని విప్పాలి. అణిచిపెట్టిన ఆ స్ప్రింగు జారితే మనిషి ప్రాణానికే ప్రమాదం కనుక, సరైన పరికరం లేని చోట ఈ పని చేయించకూడదు.

కంపెనీ షాకులు ట్విన్ ట్యూబ్ రకానివి. గొట్టంలో మరో గొట్టం ఉంటుంది, పిస్టన్ లోపలి గొట్టంలో కదులుతూ ఉంటే మిగులు నూనె బయటి గొట్టంలోకి వెళ్లి వస్తుంది. వీటికి నేను ఎక్కువ మార్కులే ఇస్తాను. ఊళ్లలో సిమెంటు రోడ్ల మీద వరుసగా ఎదురయ్యే స్పీడ్ బ్రేకర్ల దగ్గర, మెల్లగా నడిచే నగరపు ట్రాఫిక్‌లో ఇవి మెత్తగా ఉంటాయి. రాయి తగిలి బయటి గొట్టం కొద్దిగా సొట్టపడినా పిస్టన్ తిరిగేది లోపలి గొట్టంలో కనుక పని ఆగదు. వీటి బలహీనత వేగం పెరిగాక తెలుస్తుంది. జాతీయ రహదారి మీద వంతెనల అతుకుల దగ్గర వెనుక భాగం ఎగిరి, స్థిమితపడడానికి కొంత సమయం తీసుకుంటుంది, మలుపుల్లో బండి పక్కకు వాలడమూ ఎక్కువే. పాడైపోయిన రోడ్డు మీద ఆపకుండా చాలాసేపు నడిపితే నూనె వేడెక్కి, గ్యాసుతో కలిసి గిలకొట్టిన సోడాలా నురగ కడుతుంది, అప్పుడు షాకు పట్టు తాత్కాలికంగా సడలుతుంది.

బిల్‌స్టైన్ బీ6 మోనో ట్యూబ్ రకానికి చెందినది. మెర్సిడెస్ బెంజ్ కార్లకు 1957లోనే ఈ తరహా గ్యాస్ షాకులు అందించిన జర్మన్ కంపెనీ ఇది. ఒకే గొట్టంలో నూనె ఒకవైపు, అధిక ఒత్తిడి గల నైట్రోజన్ మరోవైపు ఉంటాయి, మధ్యలో స్వేచ్ఛగా కదిలే మరో పిస్టన్ రెండింటినీ కలవనివ్వదు. అందువల్ల నురగ సమస్య దాదాపు ఉండదు, నూనె ఉన్న గొట్టానికి నేరుగా గాలి తగులుతుంది కనుక వేడి కూడా త్వరగా పోతుంది. ప్రధాన పిస్టన్ వ్యాసం 46 మిల్లీమీటర్లు.

అయితే ప్రయాణంలో తెలిసే అసలు తేడా వాల్వుల అమరిక నుంచి వస్తుంది. ఇక్కడ చూడవలసిన వేగం బండిది కాదు, షాకు లోపల పిస్టన్ కదిలే వేగం. బండి మలుపులో వాలేటప్పుడు, బ్రేకు వేయగా ముక్కు వంగేటప్పుడు, అలల్లాంటి రోడ్డు మీద ముందుకూ వెనక్కూ ఊగేటప్పుడు పిస్టన్ మెల్లగా కదులుతుంది. గుంత అంచు తగిలినప్పుడు ఒక్కసారిగా పరుగెత్తుతుంది. బిల్‌స్టైన్ వాల్వు మెల్లని కదలికను గట్టిగా ఆపుతుంది, కదలిక ఒక వేగం దాటాక దారి విడిచిపెడుతుంది. దీని ఫలితం మా బండిలో మొదటి ప్రయాణంలోనే కనిపించింది. రహదారి మీద ఒక వరుస నుంచి మరో వరుసకు మారినప్పుడు వెనుక భాగం వెంటనే కుదురుకుంటోంది, శ్రీశైలం ఘాట్ మలుపుల్లో వెనుక కూర్చున్నవారికి కడుపులో తిప్పడం తగ్గింది. దానికి మూల్యంగా నగరంలో అతుకుల తారు రోడ్డు మీద చిన్న చిన్న అదురు సీటు దాకా వస్తోంది. పెద్దవారిని ఆసుపత్రికీ గుడికీ తీసుకువెళ్లడమే ప్రధానమైన పనిగా ఉన్న ఇంటికి నేను వీటిని సిఫారసు చేయను. గొట్టం సొట్టపడితే పిస్టన్ అక్కడే ఇరుక్కుపోతుంది కనుక రాళ్ల దారుల్లో తిరిగేవారు కూడా ఆలోచించుకోవాలి.

ఓల్డ్ మ్యాన్ ఈము షాకులు 1975లో మెల్‌బోర్న్‌లో మొదలైన ఏఆర్‌బీ సంస్థవి. నైట్రోచార్జర్ కూడా ట్విన్ ట్యూబే, అయితే తక్కువ ఒత్తిడిలో నైట్రోజన్ నింపి, గొట్టాలను దళసరిగా చేశారు. ఈ సంస్థలో నాకు నచ్చినది షాకు ఒక్కటే కాదు, బండి మీద శాశ్వతంగా ఎంత బరువు ఉంటుందో అడిగి దానికి తగిన స్ప్రింగును ఎంచుకోమనే పద్ధతి. బావగారిది వ్యవసాయం, బండి వెనుక ఎప్పుడూ మోటారు సామానో, ఎరువుల బస్తాలో ఉంటాయి. ఆ బరువుతో ఆ బండి నడక మా బండికన్నా నిస్సందేహంగా మెరుగు. ఖాళీగా నడిపితే మాత్రం వెనుక స్ప్రింగు బిరుసుగా ఉండి ఎగరేస్తుంది. బరువు మోయని బండికి బరువు మోసే స్ప్రింగు వేయించుకొని, తరువాత షాకులను తిట్టుకోవడం అన్యాయం. ఇదే సంస్థ అమ్మే బీపీ-51 అనే సర్దుబాటు షాకులు, విడిగా నూనె డబ్బా ఉన్న ఇతర కంపెనీల షాకులు వందల కిలోమీటర్ల కంకర దారుల్లో ఎండవేళ ఆగకుండా నడిచే బళ్లకు ఉద్దేశించినవి. మన దగ్గర అంత పొడవైన కంకర రోడ్లు లేవు, వాటికి పెట్టే డబ్బుతో మంచి టైర్లు వస్తాయి.

బండిని ఎత్తు పెంచే కిట్ల గురించి నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. ముందు షాకు కింది ఆర్మ్ మధ్యలో బిగించి ఉంటుంది కనుక షాకు మీద ఒక అంగుళం దిమ్మ పెడితే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాలు పెరుగుతుంది. ముందు యాక్సిల్ షాఫ్టుల కోణం మారి వాటి జాయింట్లు, రబ్బరు బూట్లు త్వరగా పోతాయి, చక్రాల అలైన్‌మెంట్ పరిమితుల చివరికి చేరుతుంది. పైగా తయారీదారు నిర్దేశించిన ప్రాథమిక లక్షణాలను మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే బలపరిచింది.

ఏ షాకు కొన్నా ఒక యాక్సిల్‌కు రెండూ కలిపి మార్చాలి. ముందు వైపు విప్పినప్పుడే పై మౌంటు, బంప్ స్టాపరు, డస్ట్ కవరు చూసి, రబ్బరు పగిలి ఉంటే కొత్తవి వేయించడం మేలు, లేకపోతే అదే కూలి మళ్లీ ఇచ్చుకోవాలి. షాకు కింది బుష్ (రబ్బరు కూర్చిన కీలు) బోల్టును బండి గాలిలో ఉండగా ఆఖరి బిగింపు బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి తన బరువుతో నిలిచిన తరువాతే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడిన స్థితిలోనే ఉండిపోయి కొద్ది కాలానికే చిరుగుతుంది. మా వెనుక షాకులను ఒక వర్క్‌షాపులో లిఫ్టు మీదనే బిగించేస్తుంటే ఆపి, కిందికి దించిన తరువాత బిగించమని అడగవలసి వచ్చింది. పని పూర్తయ్యాక అలైన్‌మెంట్ తప్పక చూపించుకోవాలి.

కొనుగోలు విషయానికి వస్తే, సికింద్రాబాదు రాణిగంజ్‌లోనైనా విజయవాడ ఆటోనగర్‌లోనైనా కంపెనీ పేరుతో నకిలీలు తగిలే అవకాశం ఉంది. టొయోటా ముందు షాకుల పార్టు నంబరు 48510తో మొదలవుతుంది. బండి ఛాసీ నంబరు చెప్పి డీలరు దగ్గర పూర్తి నంబరు తీసుకొని, పెట్టె మీది నంబరుతోనూ షాకు ఒంటి మీది ముద్రతోనూ సరిచూసుకోవాలి. విదేశీ షాకుల విషయంలో ఆ నంబరు ఫార్చ్యూనర్‌దా, ఇదే చట్రం (ప్లాట్‌ఫామ్) మీద తయారైన పికప్ బండి హైలక్స్‌దా అని ప్రత్యేకంగా అడగాలి. ముందు భాగం రెండింటికీ దగ్గరగా ఉన్నా, హైలక్స్ వెనుక ఉండేవి కమాను కట్టలు కనుక దాని వెనుక షాకులు ఫార్చ్యూనర్‌కు పనికిరావు.

డబ్బు పరిమితంగా ఉంటే నాలుగూ కంపెనీవే వేయించుకోవడం ఉత్తమమని నా తీర్పు. వారానికోసారి కుటుంబంతో రహదారి ప్రయాణం చేసేవారికి బిల్‌స్టైన్ ధర గిట్టుబాటు అవుతుంది. ఈమును మాత్రం వెనుక బరువు నిత్యం ఉండేవారే, స్ప్రింగులతో కలిపి తీసుకోవాలి.