పిల్లల పోషణ ఖర్చు: శాతం లెక్కా, ఇద్దరి వాటాలా, జడ్జి విచక్షణా, ఏది మేలు?

దంపతులు విడిపోయాక పిల్లల పోషణకు నెలకు ఎంత ఇవ్వాలని అడిగితే, మన దగ్గర చాలామంది ‘జీతంలో నాలుగో వంతు’ అంటారు. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో భర్త నికర జీతంలో 25 శాతం న్యాయమని చెప్పిన మాట నిజమే కానీ, అది ఆ కేసు పరిస్థితులకు తగినదిగా చెప్పిన మాటే తప్ప పిల్లల ఖర్చును లెక్కగట్టే సూత్రం కాదు. మన చట్టంలో అసలు అలాంటి సూత్రమే లేదు. అమెరికాలో ఉంది, అదీ రాష్ట్రానికొక తీరుగా. తెలుగు కుటుంబాలు రెండు చోట్లా ఉన్నందున ఈ పద్ధతులను పక్కపక్కన పెట్టి చూడడం అవసరం.

టెక్సాస్‌ది శాతం పద్ధతి. పన్నులు, పిల్లల ఆరోగ్య బీమా వంటివి తీసేశాక మిగిలిన ఆదాయంలో ఒక బిడ్డ ఉంటే 20 శాతం, ఇద్దరుంటే 25, ముగ్గురుంటే 30 శాతం ఇవ్వాలి. ఆదాయం చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి దాటితే, ఆ పైమొత్తానికి ఈ శాతాలు యాంత్రికంగా వర్తించవు. ఇద్దరు పిల్లల తండ్రికి నెలకు 6,000 డాలర్లు మిగిలితే 1,500 ఇవ్వాలి. లెక్క ఎవరికైనా అర్థమవుతుంది, వాదనకు చోటు తక్కువ. కానీ తల్లికి సంపాదన లేకపోయినా, తండ్రితో సమానంగా సంపాదిస్తున్నా మామూలుగా అదే 1,500.

న్యూజెర్సీ వంటి రాష్ట్రాలది ఇద్దరి వాటాల పద్ధతి; అక్కడ తల్లిదండ్రులిద్దరి ఆదాయాలనూ కలుపుతారు. నెలకు తండ్రికి 6,000 డాలర్లు, తల్లికి 4,000 వస్తూ, ఎంత ఆదాయానికి పిల్లల ఖర్చు ఎంతో చెప్పే పట్టిక ప్రకారం ఆ ఖర్చు 2,000 అయిందనుకుందాం (ఈ అంకె ఉదాహరణకు మాత్రమే). అందులో 60 శాతం, అంటే 1,200, తండ్రి వాటా. మిగిలిన 800 పిల్లలను దగ్గర పెట్టుకున్న తల్లి నేరుగా ఖర్చు చేస్తుందని భావిస్తారు. డేకేర్, ఆరోగ్య బీమా ఖర్చులు కూడా ఇదే నిష్పత్తిలో పంచుతారు. ఇల్లు ఒకటిగా ఉంటే బిడ్డకు ఏ స్థాయి దక్కేదో ఆ స్థాయినే నిలపాలన్నది దీని వెనుక ఆలోచన, నాకు న్యాయంగా తోచేదీ ఇదే.

భారతదేశంలో జడ్జి విచక్షణే ఆధారం. మనోవర్తికి సంబంధించి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ అమల్లో ఉంది; మనోవర్తికి ఒకప్పుడున్న నెలకు 500 రూపాయల గరిష్ఠ పరిమితిని 2001లోనే తీసేశారు. రజ్నేశ్–నేహా కేసులో 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, ఆదాయాలు, అప్పులు తెలిపే అఫిడవిట్ దాఖలు చేయాలి. దరఖాస్తు వేసిన తేదీ నుంచే మనోవర్తి లెక్కలోకి వస్తుంది. పిల్లల తిండి, బట్టలు, వైద్యం, చదువు చూడాలనీ, తల్లి తగినంత సంపాదిస్తుంటే చదువు ఖర్చు ఆదాయాల నిష్పత్తిలో పంచవచ్చనీ అదే తీర్పు చెప్పింది.

విచక్షణకు ఒక బలం ఉంది. నెల జీతం లేని దుకాణదారు, పంటమీద ఆధారపడిన రైతు, చేతిమీదుగా నగదు తిప్పే కాంట్రాక్టరు ఎక్కువగా ఉన్న మన దేశంలో శాతం లెక్క వేద్దామంటే ‘దేనిలో శాతం?’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. జడ్జి జీవన స్థాయిని చూసి ఆదాయాన్ని అంచనా వేయగలరు. బలహీనత కూడా అక్కడే ఉంది: ఒకే రకమైన రెండు కుటుంబాలకు రెండు వేరు మొత్తాలు రావచ్చు, ఎంత వస్తుందో తెలియక తల్లి తక్కువకే రాజీ పడవచ్చు.



ఏది మేలంటే, జీతం చీటీ ఉన్న కుటుంబాలకు ఇద్దరి వాటాల పద్ధతి. లేనివారికి అఫిడవిట్‌ను గట్టిగా పరిశీలించే జడ్జి విచక్షణ. హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ తల్లిదండ్రులిద్దరి మీదా ఈ బాధ్యత పెట్టింది కనుక, వాటాల పట్టిక ఒకటి తయారుచేసి, దాన్నుంచి తప్పుకొనే జడ్జి కారణం రాయాలని నియమం పెడితే, మన చట్టం తీరుకు అది విరుద్ధం కాదు.