నాలుగేళ్లుగా వాడుతున్న పన్నెండు రంగుల డబ్బా

ఈ వాటర్ కలర్ డబ్బాను హనుమకొండలో ఒక స్టేషనరీ షాపులో 650 రూపాయలకు కొన్నాను. కొని నాలుగేళ్లు దాటింది. పన్నెండు బిళ్లలు, ఒక చిన్న బ్రష్షు. కంపెనీ పేరు చెప్పను, ఎందుకో చదివితే తెలుస్తుంది. నేను వేసేది ఒక్కటే, సాయంత్రపు ఆకాశం. ఆఫీసు అయ్యాక భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చుని వేసినవి వందకు పైనే ఉంటాయి. కాబట్టి మట్టి రంగు బిళ్లల సంగతి నన్నడగొద్దు, అవి ఇంకా కొత్తగానే ఉన్నాయి.

అల్ట్రామెరీన్ నీలం మాత్రం బంగారం. ఆరాక రేణువులు కాగితం గరుకులో కూర్చుని, వానమబ్బుకుండే బరువు దానంతటదే వస్తుంది. అందులో కాస్త నారింజ కలిపితే మబ్బు అడుగున కనిపించే బూడిద రంగు తయారు. నలుపు బిళ్ల ముట్టుకునే పనే లేదు.

మొదటి ఏడాది బొమ్మలన్నీ పాడయ్యాయి. కింద పసుపు, పైన నీలం వేసి తడి మీద కలవనిస్తే మధ్యలో ఆకుపచ్చ పుట్టేది. మక్కకంకులు కాల్చే ఆమె ఒకరోజు వెనక నుంచి చూసి, "గదేంది సారూ, మొగులుకు పాచి పట్టింది?" అంది. తప్పు డబ్బాది కాదు, నాది. రెంటి మధ్య గులాబీ రంగు పట్టీ వేసి, అది సగం ఆరాక నీలాన్ని దింపడం అలవాటయ్యాకే పాచి వదిలింది. మనం పసుపునూ పచ్చ అనే అంటాం గానీ, కాగితం మీద ఆ రెండూ ఒకటి కావు.

అసలు గొడవ క్రిమ్సన్ ఎరుపుతో. ఒక బొమ్మను అక్క ఫ్రేము కట్టించి కిటికీకి ఎదురుగా తగిలించింది. రెండేళ్లకు చూస్తే ఎరుపు మాయం, పొద్దుగూకే వేళ కాస్తా మిట్టమధ్యాహ్నమైంది. "తమ్మీ, ఎర్రగనే వేసినవ్ కదా?" అని అడిగితే ఏం చెప్పాలి? ఇంటికొచ్చి ఆ రంగుతో ఒక పట్టీ గీసి, సగానికి నల్ల కాగితం చుట్టి, కిటికీ అద్దానికి అంటించాను. మూడు నెలలకు బయట ఉన్న సగం వెలిసిపోయింది. ఏ పిగ్మెంటు, అంటే రంగునిచ్చే పొడి, వాడారో డబ్బా మీద ఎక్కడా లేదు. వెలుతురుకు నిలవదని పేరుపడ్డ అలిజరిన్ క్రిమ్సన్ (పిగ్మెంటు కోడు పీఆర్ 83) అయ్యుంటుందని నా అనుమానం. ఇప్పుడు ఆ గుంటలో వేరే కంపెనీ క్వినాక్రిడోన్ రోజ్ అనే గులాబీ రంగు పిండి ఆరబెట్టుకున్నాను. దాని ట్యూబు మీద పిగ్మెంటు కోడు పీవీ 19 అని స్పష్టంగా ఉంది. ఆ ఒక్క ట్యూబే డబ్బా ధరలో సగం!

కాగితం దగ్గర పిసినారితనం పనికిరాదు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) కాటన్ కాగితానికి మారాకే రంగులు నా మాట విన్నాయి. అయినా మేలో కట్ట మీద బ్రష్షు కడిగేలోపే తడి ఆరి గీత పడుతుంది, అందుకే కాగితాన్ని వెనకవైపూ తడిపి అట్టకు అంటిస్తాను. జులైలో తిప్పలు తిరగబడతాయి, ఎంతసేపైనా ఆరదు. ఇక ఆకాశం ఎరుపు సంగతికొస్తే, పొద్దు దిగేకొద్దీ వెలుగు ఎక్కువ గాలిని దాటి రావాలి, నీలం దారిలోనే చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. మేలో దుమ్ముకు ఆ ఎరుపూ పాలిపోతుంది. వానలు గాలిని కడిగాక, సెప్టెంబరు, అక్టోబరుల్లో చూడాలి దాని సంగతి.

మూత కీలు రెండో ఏడే విరిగింది, రబ్బరు బ్యాండుతో నడుస్తోంది. మళ్లీ ఇదే కొంటానా అంటే, కొంటాను. ఇంటికి తెచ్చిన రోజే ఆ ఎర్ర బిళ్ల పీకేస్తాను.