వంశధార పక్క బడుల ఉమ్మడి దూరవిద్య నెట్‌వర్క్: కొన్ని వానాకాలాలు వాడి చూశాక

ఒడిశాలో గుణుపురం నుంచి కాశీనగర్ దాకా వంశధార వెంబడి ఊళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామంది బడిలో ఒడియా మాధ్యమంలో చదువుతారు. తెలుగు చెప్పే మేస్టారు ఒక బడిలో ఉంటే పక్క నాలుగు బడుల్లో ఉండరు. లెక్కలు, సైన్సు ఖాళీల సంగతీ అంతే. ఉన్న మేస్టార్లను బడులన్నీ పంచుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు మీద ఈ సమీక్ష. ఒక హబ్, అంటే నడిమి కేంద్రం, దానికి ఆరు బడులు. ప్రతి బడిలో ఒక డబ్బా: రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు, 256 జీబీ ఎస్ఎస్‌డీ డిస్కు, దాని మీద నెట్ లేకున్నా పాఠాలు చూపే కొలిబ్రి సాఫ్ట్‌వేరు. బడుల మధ్య 5 గిగాహెర్ట్జ్ డిష్ రేడియోలు. హబ్‌లో వీడియో క్లాసులకు జిట్సీ మీట్ సర్వరు. తరగతి గదిలో 43 అంగుళాల టీవీ. కొలిబ్రికి మంచి మార్కులు, రేడియోలకు ఇంకా మంచి మార్కులు, లైవ్ క్లాసుకు మాత్రం పాస్ మార్కులే. మొత్తం ఏర్పాటును నిలబెట్టేవీ పడగొట్టేవీ కరెంటు, టైంటేబులు.

కొలిబ్రి లెర్నింగ్ ఈక్వాలిటీ అనే సంస్థది. వాళ్లే 2012లో ఖాన్ అకాడమీ పాఠాలను నెట్ లేనిచోట చూపించడానికి కేఏ లైట్ తెచ్చారు. దాని తర్వాతి తరం 2017లో వచ్చిన కొలిబ్రి. ఉచితం, ఓపెన్ సోర్సు. పాఠాలన్నీ బడిలోని డబ్బాలోనే ఉంటాయి కాబట్టి పిల్లలు ట్యాబ్‌లో బ్రౌజరు తెరిచి ఆ డబ్బా అడ్రసు, చివర 8080 పోర్టు కొడితే చాలు, బయట నెట్ పోయినా పాఠం ఆగదు. మెనూలు తెలుగులోనూ హిందీలోనూ వస్తాయి. మేం వాడిన వెర్షన్లలో ఒడియా లేదు, ఒడియా మేస్టార్లు ఇంగ్లీషు మెనూతో సర్దుకున్నారు. మేస్టార్లకు బాగా నచ్చింది క్విజ్ రిపోర్టు. ఏ ప్రశ్న దగ్గర ఎక్కువమంది తప్పారో విడిగా చూపిస్తుంది, మర్నాటి క్లాసు అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు.

చిక్కు వచ్చేది ఫెసిలిటీల దగ్గర. కొలిబ్రిలో పిల్లల పేర్లు, తరగతులు, మార్కులు అన్నీ ఒక ఫెసిలిటీ కింద ఉంటాయి. ప్రతి బడీ తన డబ్బాలో కొత్త ఫెసిలిటీ సృష్టించుకుని అన్నింటికీ ఒకే పేరు పెడితే పైకి ఒకటే అనిపిస్తుంది, లోపలి గుర్తింపు నంబర్లు వేరు కావడంతో ఒకదాంతో ఒకటి సింక్ కావు, అంటే వివరాలు ఇచ్చిపుచ్చుకోవు. సరైన దారి: హబ్‌లో ఒక్కసారి సృష్టించి, మిగతా డబ్బాల్లో సెటప్ చేసేటప్పుడు దాన్నే ఇంపోర్ట్ చేసుకోవాలి. ఇంకో అపోహ, సింక్ నొక్కితే పాఠాలు కూడా వస్తాయనుకోవడం. సింక్‌లో వెళ్లేవి పిల్లల వివరాలు, మార్కులు మాత్రమే. పాఠాల కట్టను, అంటే ఛానెల్‌ను, విడిగా, హబ్ నుంచి గానీ పెన్ డ్రైవు నుంచి గానీ ఇంపోర్ట్ చేయాలి. ఛానెల్ కొత్త వెర్షను వచ్చినప్పుడల్లా ప్రతి డబ్బాలోనూ ఈ పని మళ్లీ చేయాల్సిందే. కొత్త వెర్షన్లలో సింక్‌కు షెడ్యూలు పెట్టుకోవచ్చు. రాత్రికి పెట్టకండి, రాత్రి డబ్బాలు ఆపి ఉంటాయి. మధ్యాహ్న భోజనం వేళకు పెట్టండి.

తెలుగు పాఠాలు మాత్రం మన చేత్తో మనం చేసుకోవాల్సినవే. కొలిబ్రి లైబ్రరీలో ఇంగ్లీషు, హిందీ సరుకు దండిగా ఉంది, తెలుగు తక్కువ. కొలిబ్రి స్టూడియోలో సొంత ఛానెల్ తెరిచి వీడియో, ఆడియో, పీడీఎఫ్ ఎక్కించవచ్చు. అది నెట్ మీద నడుస్తుంది కాబట్టి మంచి కనెక్షన్ ఉన్న రోజు చూసుకోవాలి. మేస్టారు ఫోన్లో తీసిన వీడియోను తీసినట్టే ఎక్కించకండి. 480పీకి కుదించి, బిట్‌రేటు సెకనుకు 300 కిలోబిట్లు పెడితే 40 నిమిషాల పాఠం 90 ఎంబీలో సరిపోతుంది. బోర్డు మీది అక్షరం ఆ సైజులోనూ చక్కగా కనిపిస్తుంది, సుద్దముక్క కొత్తదైతే. పద్యాలు, వ్యాకరణం అయితే ఆడియో చాలు: 32 కిలోబిట్లకు 40 నిమిషాలు పది ఎంబీ కూడా కాదు. నిజం చెప్పాలంటే పిల్లలు ఎక్కువసార్లు మళ్లీ విన్నవి ఈ ఆడియో ముక్కలే. దీక్షా అనే ప్రభుత్వ పాఠాల వేదికలో ఆంధ్ర, తెలంగాణ పాఠ్యపుస్తకాల సరుకు చాలా ఉంది. వాడే ముందు ఒక్కోదానికీ లైసెన్సు చూసుకోండి.

ఇక జిట్సీ. సర్వరు సొంతదై హబ్‌లో ఉంటే క్లాసు అంతా రేడియో లింకుల మీదే నడుస్తుంది, బయటి నెట్‌తో పని లేదు. వినడానికి సులువే. పెట్టేటప్పుడు తగిలే మొదటి గోడ బ్రౌజరే. హెచ్‌టీటీపీఎస్ (సర్టిఫికెట్ ఉన్న భద్రమైన కనెక్షన్) లేకపోతే బ్రౌజరు మైకునూ కెమెరానూ ముట్టుకోనివ్వదు. సర్వరు ఐపీ అడ్రసు కొడితే పేజీ తెరుచుకుంటుంది, మైకు రాదు, ఎందుకో తెలియదు. ఒక డొమైన్ పేరు కొని, డీఎన్ఎస్ పద్ధతిలో (డొమైన్ రికార్డుతో పేరు మనదని రుజువు చేసి) లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్ తీసుకుని, ఆ పేరు హబ్ లోపలి అడ్రసుకే వెళ్లేలా ప్రతి బడి రౌటరులో రాయాలి. ఆ సర్టిఫికెట్ 90 రోజులకు చెల్లిపోతుంది. రెన్యువల్ సమయంలో బయటి నెట్ లేకపోతే ఒక సోమవారం ఉదయం ఆరు బడుల్లోనూ ఒకేసారి మైకులు మూగబోతాయి. నెల ముందే రెన్యూ అయ్యేలా పెట్టి, అయిందో లేదో ఒకరు చూడాలి. యూడీపీ 10000 పోర్టు ఫైర్‌వాల్‌లో తెరిచి ఉండాలి. మీటింగులో ఇద్దరే ఉంటే జిట్సీ సర్వరును పక్కనపెట్టి నేరుగా ఒకరితో ఒకరిని కలుపుతుంది, మూడో బడి చేరగానే మళ్లీ సర్వరుకు మారుతుంది. ఆ మార్పులో బొమ్మ ఆగి మాట తెగుతుంది. సెట్టింగుల్లో ఈ నేరుగా కలిపే పద్ధతిని (పీటూపీ) ఆపేస్తే ఈ బాధ పోతుంది.

ఇవన్నీ సరిచేసినా లైవ్ క్లాసుకు పాస్ మార్కులే ఎందుకంటే, ఇబ్బంది సర్వరులో లేదు, గదిలో ఉంది. నలభై మంది పిల్లలు, సిమెంటు గోడలు, పైన రేకులు. టీవీలోని మాట మైకులోకి తిరిగి వచ్చి అందరికీ ప్రతిధ్వని. వాన పడితే రేకుల మోతకు మేస్టారు గొంతు ఏ స్పీకరులోనూ వినబడదు. మాట్లాడే బడి తప్ప మిగతావన్నీ మ్యూట్‌లో ఉండాలి. మైకు బల్ల మీద కాదు, ప్రశ్న అడిగే పిల్లవాడి చేతిలో ఉండాలి. పిల్లల వీడియో ఆపేసి, మేస్టారు ముఖం బదులు ఆయన రాసే కాగితం చూపిస్తే క్లాసు సగం బాగుపడుతుంది. పాఠం రికార్డు చేసి ముందే పంపి, లైవ్‌ను వారానికి రెండు గంటలు సందేహాలకే ఉంచుకోవడం మేలు. పాఠమంతా లైవ్‌లో చెప్పడానికి చూసిన చోట ఒక్క బడికి కరెంటు పోయినా మిగతా ఐదు బడులూ ఆ బడి కోసం ఆగిపోతాయి.

రేడియోల మీద ఫిర్యాదు దాదాపు లేదు, లెక్క చూసి కట్టినంతవరకు. 5725–5875 మెగాహెర్ట్జ్ బ్యాండు మొత్తానికి 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు. రేడియోలో దేశం ఇండియా అనే పెట్టండి, పవరు పరిమితి అదే చూసుకుంటుంది. 5470–5725 మధ్య ఛానెళ్లకు వెళ్లకండి: అక్కడ రాడారు సిగ్నల్ అనిపించగానే రేడియో తనంతట తను ఛానెల్ వదిలేస్తుంది, లింకు పడి లేస్తుంది. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 80 పెడితే వేగం కాగితం మీద పెరుగుతుంది, సిగ్నల్‌కు ఊపిరి తగ్గుతుంది.

ఒక డిష్ నుంచి ఇంకో డిష్ కనబడితే సరిపోతుందనుకుంటారు, చాలదు. 6 కిలోమీటర్ల లింకులో నడిమధ్యన ఫ్రెనెల్ జోన్ (చూపు గీత చుట్టూ సిగ్నల్‌కు కావాల్సిన చోటు) వ్యాసార్ధం దాదాపు 8.8 మీటర్లు. అందులో 60 శాతం, అంటే చూపు గీతకు 5.3 మీటర్ల దాకా, ఏ అడ్డూ ఉండకూడదు. ఈ వైపు నీలగిరి తోటలు ఎక్కువ, ఏడాదికి రెండు మూడు మీటర్లు లేస్తాయి. పెట్టిన ఏడు బాగున్న లింకు రెండేళ్లకు ఆగస్టులో నీరసపడితే వానను తిట్టకండి. ఈ ఫ్రీక్వెన్సీలో ఇంత దూరానికి వాన తినేది చాలా తక్కువ. తినేది తడిసిన ఆకు, కాదంటే కనెక్టరులోకి దిగిన నీరు. కేబుల్ డబ్బాలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిప్పితే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. 23 డీబీఐ బలం (గెయిన్) ఉన్న డిష్‌లతో 6 కిలోమీటర్లకు సిగ్నల్ మైనస్ 60, మైనస్ 65 డీబీఎం మధ్య రావాలి (సున్నాకు దగ్గరైతే బలం ఎక్కువ). లెక్కకన్నా పది డీబీ తక్కువ వచ్చి, ఎంత తిప్పినా మెరుగుపడకపోతే డిష్ ప్రధాన కిరణం మీద కాక పక్క కిరణం మీద కుదురుకుందన్నమాట. బోల్టులు వదులు చేసి, అడ్డంగా పూర్తిగా ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పి మళ్లీ వెతకాలి.

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ఎలా చేసిందో చూసినవాళ్లకు స్టే వైర్ల గురించి చెప్పనక్కర్లేదు. 9 మీటర్ల జీఐ పైపుకు రెండు ఎత్తుల్లో, మూడేసి వైపులా స్టే ఉండాలి. పైపు, సర్జ్ ప్రొటెక్టరు, డబ్బా అన్నీ ఒకే ఎర్తుకు కలపాలి. వేరువేరు ఎర్తులు పెడితే పిడుగు దగ్గరలో పడ్డప్పుడు వాటి మధ్య తేడా కరెంటంతా రేడియో గుండానే పోతుంది. కోతులు కేబుల్ కొరుకుతాయి, కాబట్టి చెయ్యి అందేంతవరకు ఇనుప గొట్టంలో నడపండి. చీమలు డబ్బాలో కాపురం పెడతాయి, కన్నాలు సిలికాన్‌తో మూయండి.

నెట్‌వర్కు అంతటినీ ఒకే పెద్ద లాన్‌గా (ఒకే లోకల్ నెట్‌వర్కుగా) కలిపేయొద్దు, అంటే బ్రిడ్జ్ చేయొద్దు. ఒక బడిలో ఎవరో కొత్త రౌటరు తెచ్చి లాన్ పోర్టుకు తగిలిస్తే చాలు, అది ఆరు బడులకూ తప్పుడు ఐపీలు పంచడం మొదలుపెడుతుంది, దొంగను పట్టుకోవడానికి రోజు పడుతుంది. బడికో సబ్‌నెట్ (విడి అడ్రసుల గుంపు) ఇచ్చి రూటింగ్ చేయండి. అప్పుడు ఒక చిన్న తేడా వస్తుంది: కొలిబ్రి పక్క డబ్బాలను తనంతట తను కనిపెట్టే పద్ధతి సబ్‌నెట్ దాటదు, హబ్ అడ్రసును ప్రతి డబ్బాలో చేత్తో రాయాలి. ఒక్కసారి పని.

కరెంటు దగ్గర అసలు ఖర్చు. రాస్ప్‌బెర్రీ పై, ఎస్ఎస్‌డీ, రౌటరు, రేడియో కలిపి దాదాపు 20 వాట్లు. ఇంత చిన్న భారానికి ఇన్వర్టరు పెడితే దాని సొంత ఖర్చే 10 నుంచి 20 వాట్లు, బ్యాటరీ సగం దాకా దానికే పోతుంది. 12.8 వోల్టుల 30 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ నుంచి నేరుగా డీసీ కన్వర్టర్లతో నడిపితే 15 గంటలు వస్తుంది. 100 వాట్ల ప్యానెల్ ఎండాకాలం తేలిగ్గా నింపుతుంది, శ్రావణంలో నింపదు, బడి కరెంటుతో చార్జరు కూడా ఉండాల్సిందే. టీవీని ఈ బ్యాటరీ మీద వేయకండి. రాస్ప్‌బెర్రీ పైకి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు అందాలి, సన్నటి కేబుల్ వాడితే దారిలోనే పడిపోతుంది. 4.63 కన్నా తగ్గితే తెర మీద మెరుపు గుర్తు వస్తుంది, ఆ తర్వాత కారణం తెలియని రీస్టార్టులు. ఎస్‌డీ కార్డు మీద బూట్ చేసిన డబ్బాల్లో కరెంటు కోతలకు కార్డులే మొదట పోయాయి. ఎస్ఎస్‌డీ నుంచే బూట్ చేసి, వారానికోసారి డేటాబేస్ బ్యాకప్ తీయండి. రాస్ప్‌బెర్రీ పై 4లో కరెంటు లేనప్పుడు నడిచే గడియారం ఉండదు. నెట్ లేని చోట తేదీ వెనక్కి పోయి పిల్లల హాజరు, మార్కులు తప్పు రోజుల్లో పడతాయి. డీఎస్3231 గడియారపు చిప్పు, ఒక నాణెం సెల్లు పెడితే తీరిపోతుంది. ఎస్ఎస్‌డీ యూఎస్‌బీ 3 కేబుల్ పక్కనే ఉంటే రాస్ప్‌బెర్రీ పై సొంత 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మందగిస్తుంది. పిల్లల ట్యాబ్‌లకు విడి రౌటరు వాడడానికి ఇదొక కారణం, ఆ సొంత వైఫై ఒక తరగతి మొత్తాన్ని మోయలేకపోవడం ఇంకో కారణం.

టైంటేబులు సంగతి ఏ సాఫ్ట్‌వేరూ చూసుకోదు. ఆంధ్రలోని పాతపట్నం వైపు బడినో మేస్టారినో కలుపుకుంటే గోల ఇంకా ఎక్కువ. ఒడిశాలో కొత్త తరగతులు ఏప్రిల్‌లో మొదలవుతాయి, ఆంధ్రలో జూన్‌లో. ఇక్కడ రెండో పాఠం నడుస్తుంటే అక్కడ పుస్తకమే తెరవలేదు. ఏప్రిల్‌లో ఇక్కడ పొద్దుటి బడి, అక్కడ మార్చి మధ్య నుంచే ఒంటిపూట. సంక్రాంతికి వాళ్లు రోజుల తరబడి ఉండరు, రథయాత్రకు మనం ఉండం. ఉమ్మడి పీరియడును రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకుని ఏడాది ముందే రాయాలి, ప్రతి బడిలో దానికి బాధ్యుడు ఒక్కరే ఉండాలి, ఆయన బదిలీ అయితే పాస్‌వర్డులు ఎవరి దగ్గరున్నాయో హెడ్‌మాస్టరు గదిలో కాగితం మీద ఉండాలి.

బడులు రెండే ఉన్నా, మధ్యలో కొండ అడ్డొచ్చి రిలే కట్టాల్సి వచ్చినా ఈ రేడియోల జోలికి పోవద్దు. ప్రతి బడిలో కొలిబ్రి డబ్బా పెట్టి, క్లస్టరు మీటింగుకు వచ్చే మేస్టారి చేతికి పాఠాల కోసం ఒక హార్డ్ డిస్కు, అదే ఫెసిలిటీ ఉన్న ఒక ల్యాప్‌టాప్ ఇవ్వండి. ల్యాప్‌టాప్ ప్రతి బడిలోనూ సింక్ అయి హబ్‌కు తిరిగొస్తే మార్కులు చేరతాయి, డిస్కుతో కొత్త ఛానెళ్లు చేరతాయి. పోయేది లైవ్ ఒక్కటే.