కొత్త ఇంజన్, పాత కంప్యూటర్, మధ్యలో ఒక చిన్న పెట్టె

జనరల్ మోటార్స్ వాళ్ళ ఎల్ఎస్ వీ8 ఇంజన్లలో 58ఎక్స్ రకం కొత్తదాన్ని 24ఎక్స్ రకం పాత కంప్యూటర్‌తో నడిపించే కన్వర్టర్ పెట్టె ఇది. ఎక్స్ అంటే ఒక చుట్టుకి సెన్సర్ పంపే పల్సుల లెక్క. చాలాకాలంగా వాడుతున్నాను. ముందే చెప్పేస్తున్నా, దీనంటే నాకు ఇష్టం. క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) బయటికి తీయకుండా ఇంజన్ మార్పిడి పూర్తయిందంటే అది దీని పుణ్యమే. ఆ తర్వాత బండి రోడ్డు మీద ఆగిపోతుంటే చూసినవాళ్ళంతా దీన్నే తిట్టారు. ఆ గొడవేంటో వివరంగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నా బండిలో మొదట ఉన్నది జెన్ 3 (మూడో తరం), 5.3 లీటర్ల ఇంజన్. అది అరిగిపోయాక దొరికింది జెన్ 4లో అదే సైజుది. గేర్‌బాక్స్, మౌంటింగులు చక్కగా కూర్చున్నాయి. పేచీ అంతా సెన్సర్ల దగ్గరే. పాత కంప్యూటర్‌కి క్రాంక్ మీద 24ఎక్స్ పళ్ళ చక్రం కావాలి, అంటే క్రాంక్ తిరిగే ప్రతి 15 డిగ్రీలకీ ఒక పల్స్. కొత్త ఇంజన్‌లో ఉన్నది 60 పళ్ళలో 2 తీసేసిన చక్రం, పన్నుకీ పన్నుకీ మధ్య 6 డిగ్రీలు. పాత క్రాంక్ సెన్సర్ 12 వోల్టుల మీద పనిచేస్తుంది, కొత్తది 5 వోల్టుల మీద. క్యామ్ సెన్సర్ (వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఎక్కడుందో చెప్పేది) పాతదాంట్లో బ్లాక్ వెనక పైభాగాన ఉండేది, కొత్తదాంట్లో ముందున్న టైమింగ్ కవర్‌లోకి వచ్చింది. దాని సంకేతం కూడా 1ఎక్స్ నుంచి 4ఎక్స్ అయింది.

చక్రమే మార్చుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. ఆ చక్రం క్రాంక్ వెనక చివర బిగుతుగా ఎక్కించి ఉంటుంది. మార్చాలంటే ఇంజన్ మొత్తం విప్పాలి, కొత్తది ఎక్కించేటప్పుడు కోణం పక్కాగా కుదరడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. కొద్ది డిగ్రీలు పక్కకి పోయినా ఎనిమిది సిలిండర్ల స్పార్క్ టైమింగూ తప్పుతుంది, కంప్యూటర్‌కి మాత్రం ఆ విషయం తెలియదు. పోనీ కంప్యూటరే మార్చుదామంటే దాంతోపాటు వైరింగ్, ఎలక్ట్రానిక్ పెడల్, గేర్‌బాక్స్‌కి వేరే కంట్రోలర్ అన్నీ కొనాలి. పాత కంప్యూటర్‌లో నాకు నచ్చినట్టు కుదిరిన ట్యూన్‌ని (ఇంధనం, స్పార్క్ లెక్కల సెట్టింగ్) వదులుకోవడం కూడా ఇష్టం లేదు.

ఏ చక్రం ఉందో కొనకముందే చూసుకోవాలి. జెన్ 4 కాబట్టి 58ఎక్స్ అనుకోవడానికి వీల్లేదు. 2005 కార్వెట్‌లో వచ్చిన ఎల్ఎస్2 జెన్ 4దే అయినా అందులో 24ఎక్స్ చక్రమే. మామూలుగా 24ఎక్స్ క్రాంక్ సెన్సర్ నల్లగా, 58ఎక్స్‌ది బూడిదరంగులో ఉంటాయి. అనుమానం ఉంటే సెన్సర్ తీసి ఆ కంతలోంచి టార్చ్ వేసి పళ్ళు చూడటమే మేలు. స్పార్క్‌కి కరెంటు ఇచ్చే కాయిల్స్ విషయంలో మాత్రం నేను ప్రయోగాలు చేయలేదు. పాత కాయిల్స్‌నే బ్రాకెట్లతో సహా ఎక్కించాను. కాయిల్ నిండటానికి కంప్యూటర్ ఇచ్చే సమయం ఆ కాయిల్స్‌కి తగ్గట్టు ఉంటుంది. రకం మారిస్తే ఆ లెక్క కూడా మార్చాలి. సమయం ఎక్కువైతే కాయిల్ కాలుతుంది, తక్కువైతే స్పార్క్ బలహీనపడుతుంది.

పెట్టె కలిపాక సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంది. ఎల్ఎస్ పుల్లీ మీద టైమింగ్ గుర్తులు ఉండవు కాబట్టి పిస్టన్ స్టాప్ అనే పనిముట్టుతో టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటు) కనుక్కుని గుర్తు పెట్టాను. టైమింగ్ లైట్ వేస్తే కంప్యూటర్ చెబుతున్న డిగ్రీ, పుల్లీ మీద కనబడుతున్న డిగ్రీ ఒక్కటే. వేగం పెంచినా అంతే. ఆ సంతోషం మాటల్లో చెప్పలేను.

అలా చాలాకాలం హాయిగా నడిచింది. తర్వాత ఎండాకాలంలో, ట్రాఫిక్‌లో నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ ఠక్కున ఆగిపోవడం మొదలైంది. ముందుగా దగ్గడం, మిస్సింగ్ లాంటివేమీ ఉండేవి కాదు. కాసేపు ఆగి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు నడిచేది. వెనక హారన్లు, పక్కన ఇంట్లోవాళ్ళు, ఆ టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు. కోడ్ చూస్తే పీ0336, అంటే క్రాంక్ సెన్సర్ సంకేతం సరిగ్గా లేదని. ఆ సెన్సర్ సెల్ఫ్ మోటార్ వెనక, ఎగ్జాస్ట్ వేడికి దగ్గరగా ఉంటుంది కాబట్టి మెకానిక్ దాన్నే అనుమానించాడు. మంచి రకం సెన్సర్ వేసి, వైరుకి వేడి తగలకుండా తొడుగు చుట్టినా తగ్గలేదు. ఇక మిగిలింది పెట్టే, పారేయమన్నారు.

నాకు మాత్రం రెండు విషయాలు తేడాగా అనిపించాయి. ఆగిపోయే ముందు ఇంజన్ ఇంకా తిరుగుతుండగానే ఆర్‌పీఎం ముల్లు సున్నాకి పడిపోయేది. అంటే కంప్యూటర్‌కి పల్స్ అందడమే లేదు. రెండోది, ఇదంతా సరిగ్గా రేడియేటర్ ఫ్యాన్ ఆన్ అయిన క్షణంలోనే జరిగేది. మల్టీమీటర్ ఒక కొన పెట్టె ఎర్త్ మీద, ఇంకో కొన బ్యాటరీ నెగటివ్ మీద పెట్టాను. ఫ్యాన్ ఆగి ఉంటే దాదాపు సున్నా. ఫ్యాన్ తిరగగానే ఒక వోల్టు దాటింది. ఉండాల్సింది 0.1 వోల్టు లోపే.

వైరింగ్ చేసిన షాపువాళ్ళు పెట్టె ఎర్త్‌ని, ఫ్యాన్ ఎర్త్‌ని ఒకే స్క్రూ కింద బాడీ రేకుకి బిగించేశారు, రంగు కూడా గీకలేదు. కొన్నాళ్ళకి ఆ స్క్రూ కింద తుప్పు పట్టింది. ఫ్యాన్ లాగే కరెంటంతా ఆ తుప్పులోంచే పోవాలి కాబట్టి పెట్టెకి సున్నా అనిపించేది కంప్యూటర్‌కి సున్నా కాకుండా పోయింది, పల్సులు మాయమయ్యాయి. పెట్టె ఎర్త్‌ని సిలిండర్ హెడ్ వెనక, కంప్యూటర్ ఎర్త్ బిగించిన బోల్టు దగ్గరికే మార్చాను. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆగలేదు. పెట్టె తయారుచేసినవాళ్ళ మీద నా కోపమల్లా ఒక్కటే. వాళ్ళ కాగితంలో 'ఎర్త్‌కి కలపండి' అని ఉంది తప్ప ఎక్కడ కలపాలో లేదు. ఆ ఒక్క ముక్క రాసుంటే ఇంత తిప్పలు ఉండేది కాదు.

టైమింగ్ గురించి ఇందాక మురిసిపోయాను కానీ, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే పుల్లీ మీద గుర్తు కొద్దిగా వణుకుతుంది. నడకలో తేడా తెలియదు, లైట్ వేస్తేనే కనబడుతుంది. ఇంకా పెద్ద లోటు నాక్ సెన్సర్లు, అంటే సిలిండర్‌లో ఇంధనం తప్పుగా పేలితే కంప్యూటర్‌కి చెప్పేవి. జెన్ 3లో అవి ఇన్‌టేక్ కింద, రెండు సిలిండర్ వరసల మధ్య లోయలో ఉండేవి, జెన్ 4లో బ్లాక్ పక్కలకి వచ్చాయి, రకం కూడా మారింది. పెట్టె క్రాంక్, క్యామ్ సంకేతాలనే మారుస్తుంది, వీటి జోలికి పోదు. అందుకని లోడ్ ఎక్కువగా ఉండేచోట టైమింగ్ 2 డిగ్రీలు తగ్గించి నడుపుతున్నాను. క్రాంక్ చక్రంలోని చిన్న తేడాల్ని (క్రాంక్ వేరియేషన్) కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పించేదాకా పీ1336 కోడ్ కూడా వెంటాడింది, స్కానర్‌తో అది చేయించాకే మిస్‌ఫైర్ లెక్కలు సరిగ్గా వచ్చాయి.

నా ఇంజన్‌లో వీవీటీ (వాల్వుల టైమింగ్‌ని నడకలోనే మార్చే ఏర్పాటు) లేదు. సిలిండర్లు ఆపే ఏర్పాటు ఉంది కానీ పాత కంప్యూటర్ దాన్ని అడగదు కాబట్టి ఎప్పుడూ ఎనిమిదీ పనిచేస్తాయి. వీవీటీ ఉన్న ఇంజన్ దొరికినవాళ్ళకీ, వైరింగ్ ఎలాగూ కొత్తగా చేయించుకునేవాళ్ళకీ జెన్ 4 కంప్యూటరే నయం. బరువులు లాగే బండైతే నాక్ సెన్సర్ల లోటుతో నేనే ఒప్పుకునేవాణ్ణి కాదు. నా బండి తేలిక, గేర్‌బాక్స్ పాతది, ట్యూన్ నాకు అలవాటైంది, కాబట్టి నాకు సరిపోయింది. గేర్‌బాక్స్ మార్చే రోజు వస్తే అప్పుడు మళ్ళీ ఆలోచిస్తాను.