అల్బోండిగాస్ సూప్: ఉండలు పచ్చివా, వేయించినవా?

అల్బోండిగాస్ అంటే కైమా ఉండలు. మెక్సికో ఇళ్లలో ఈ సూప్‌కి వాటిని పచ్చివిగానే, టమాటా వేసి మరిగించిన నీళ్లలోకి జారవిడుస్తారు. కైమాలో గుప్పెడు బియ్యం, పుదీనా తరుగు కలుపుతారు. బియ్యం ఉడికి ఉబ్బితే ఉండ చెంచాతో తుంచగానే విడిపోయేంత మెత్తగా వస్తుంది, మాంసం సారమంతా సూప్‌లోకి దిగుతుంది. నేను మటన్ కైమాతో చేస్తాను. మొదటిసారి మంట పెద్దది పెట్టేసరికి సగం ఉండలు విచ్చుకుపోయాయి. సన్న సెగ మీద 40 నిమిషాలు ఓపిక పట్టాలి.

ముందే నూనెలో వేయిస్తే ఆ టెన్షన్ ఉండదు. ఉండ చెదరదు, ఎర్రగా వేగిన రుచి వస్తుంది. కానీ పైన గట్టి పొర కట్టి, లోపలి బియ్యం ఒక్కోసారి పలుకుగా మిగిలిపోతుంది. పదిమందికి వండాలంటే వేయిస్తాను. మా ఇంటి మట్టుకు పచ్చివే, పైన నిమ్మకాయ పిండుకుని.