బ్లేడ్స్ ఇన్ ది డార్క్: రెండేళ్లు ఆడాక ఒక పాత డీ అండ్ డీ ఆటగాడి మాట

ఆరేళ్లపాటు నేను ఆడింది డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఐదో ఎడిషన్ ఒక్కటే, బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుని పాచికలతో ఆడే ఆట. గళ్ల షీటు మీద ఐదడుగుల లెక్క, ఏ మంత్రం ఎప్పటికి దాచుకోవాలి, తలుపు ముట్టుకునే ముందు ఉచ్చు ఉందేమో వెతకడం, నాకు తెలిసిన ఆట అదే. కథ మీద నడిచే ఆటలంటే కూర్చుని కబుర్లు చెప్పుకోవడమే కదా, అందులో గెలుపేంటి ఓటమేంటి అనుకునేవాణ్ణి. రెండేళ్ల కిందట హబ్సిగూడలో ఒక అక్క వాళ్లింట్లో ఆదివారం ఆటకి ఒకరు తగ్గారంటే వెళ్లాను. అక్కడ ఆడుతున్నది జాన్ హార్పర్ తయారుచేసిన బ్లేడ్స్ ఇన్ ది డార్క్, ఇదీ అలాంటి పాత్రల ఆటే, 2017లో వచ్చింది. అప్పటినుంచీ కూకట్‌పల్లిలో ఎక్కి, అమీర్‌పేటలో మెట్రో మారి, దాదాపు ప్రతి వారం వెళ్తూనే ఉన్నాను.

మొదటి మూడు సెషన్లు నచ్చలేదు. డోస్క్‌వాల్ అనే నగరంలో మేమంతా ఒక దొంగల ముఠా. దోపిడీకి ముందు నేను అలవాటుగా మొదలుపెట్టాను, కాపలావాళ్లు ఎంతమంది, తాళాలు ఎలాంటివి, పారిపోవడానికి దారేది అని. ఆట నడిపే అక్క ఆపేసింది. "ప్లాన్ తర్వాత చెబుదువుగాని, ముందు లోపలికి వెళ్లు" అంది. రూలే అది. ఆరు రకాల ప్లాన్లలో ఒకటి ఎంచుకుని, ఒక్క వివరం చెప్పి, పాచికలు వేసి నేరుగా పని మధ్యలోకి దిగాలి. సామాను కూడా ముందే రాసుకోనక్కర్లేదు, ఎంత బరువు మోస్తున్నామో చెబితే చాలు, ఏ వస్తువు కావాలో అప్పుడు తీసుకోవచ్చు. నాకు మాత్రం చేతులు కట్టేసినట్టు ఉండేది.

నాలుగో ఆదివారం గోదాము దగ్గర కాపలావాడు నన్ను గుర్తుపట్టాడు. ఫ్లాష్‌బ్యాక్ వాడుకోమంది అక్క. ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్‌లు చూసి పెరిగినవాళ్లమే, అయినా నా ఆటలో నేనే ఒకటి పెట్టుకోవచ్చని తట్టలేదు. నా పాత్ర మీద ఒత్తిడిని లెక్కపెట్టే స్ట్రెస్ గళ్లలో ఒకటి నింపుకుని, రెండు రోజుల ముందే వాడి అప్పు తీర్చేశానని చెప్పాను. పాచికల్లో పెద్దది 5 పడింది. అంటే పని అవుతుంది, కానీ ఓ చిక్కు కూడా తగులుకుంటుంది. వాడు నన్ను వదిలేశాడు, ఇంటికెళ్లి లాంప్‌బ్లాక్స్ అనే ఇంకో ముఠాలో ఉన్న బావమరిదికి మొత్తం చెప్పేశాడు. ఆ బావమరిది ఐదు నెలలు మా వెంట పడ్డాడు. అతణ్ణి ఎవరూ ముందుగా రాసిపెట్టలేదు, నేను చేసిన పనిలోంచి పుట్టాడు. నా ఆరేళ్లలో ఏ డ్రాగన్ మీదా అంత కసి కలగలేదు.

లెక్కలు ఇష్టమున్నవాళ్లకి ఒక మాట. రెండు పాచికలు వేస్తే పెద్దది 4 గానీ 5 గానీ అయ్యే అవకాశం దాదాపు 44 శాతం. ఆట నడిచేదంతా ఆ మధ్య ఫలితాల మీదే. నాలాంటివాళ్లకి ధైర్యం ఇచ్చేది రెసిస్టెన్స్ రూలు. జీఎం, అంటే ఆట నడిపేవాళ్లు, ఏదైనా నష్టం చెబితే ఒప్పుకోను అనొచ్చు, అది కచ్చితంగా తగ్గుతుంది, కాకపోతే పాచికలు వేసి, 6లోంచి వాటిలో పెద్దది తీసేస్తే ఎంత మిగిలితే అంత స్ట్రెస్ పడుతుంది. స్ట్రెస్ గళ్లు తొమ్మిదే. అవి నిండితే ట్రామా, అంటే పాత్రకి మిగిలిపోయే మానసిక గాయం, నాలుగు ట్రామాలు అయితే ఆ పాత్ర ఆటలోంచి తప్పుకోవాలి. ఇది అర్థమయ్యాక పాత్రని కాపాడుకోవాలన్న టెన్షన్ పోయింది, ఎక్కడ ఖర్చు పెట్టాలా అని చూడటం మొదలైంది.

లోటు లేదని చెప్పను. పోరాటంలో ఎత్తుకి పై ఎత్తు వేసే సుఖం ఇందులో దొరకదు, అందుకే నెలకోసారి డీ అండ్ డీ ఇప్పటికీ ఆడుతున్నా. జీఎంకి ముందు తయారీ తక్కువే గానీ, ప్రతి 4కీ 5కీ అప్పటికప్పుడు ఒక చిక్కు కల్పించాలి, మూడు గంటలయ్యేసరికి అక్క అలసిపోతుంది. మేం ఇప్పుడు ఆ చిక్కులు తలా ఒకటి అందిస్తున్నాం, నయంగా ఉంది.

పాత్రల వివరాలు రాసుకునే షీట్లు అధికారిక సైట్‌లో ఉచితమే, జిరాక్స్ షాపులో ప్రింట్ తీసుకోవచ్చు. నాలుగైదు సెషన్లు ఆడకుండా మాత్రం వదిలేయకండి, నేను మూడో వారమే మానేద్దామనుకున్నాను.